ట్యూబు మీది పేరూ, ట్యూబులోని సరుకూ

ఆక్రిలిక్ రంగులతో కాన్వాసు మీద బొమ్మ వెయ్యడానికి కావలసిన సామాను జాబితా చిన్నదే. అయిదారు రంగుల ట్యూబులు, ఒక కాన్వాసు, దాని మీద ముందుగా పూసే గెస్సో, రెండు మూడు సైజుల కుంచెలు, రంగులు కలుపుకోవడానికి ఒక పళ్ళెం, ఒక పాలెట్ నైఫ్, రెండు నీళ్ళ డబ్బాలు, పాత గుడ్డలు, బొమ్మ పూర్తయ్యాక పూసే వార్నిష్. ఈజిల్ లేకపోతే గోడకి ఆనించి పని కానివ్వవచ్చు. ఈ జాబితా ఏ దుకాణంవాడైనా చెబుతాడు. దానికోసం వ్యాసం అక్కర్లేదు.

అయితే ఈ జాబితాలో ఒక తమాషా ఉంది. ఇందులో చాలా వస్తువులకి పేరు ఒకటి, సరుకు మరొకటి. గెస్సో అనే పేరుతో అమ్మేది అసలు గెస్సో కాదు. 'కేమెల్ హెయిర్' కుంచెలో ఒంటె వెంట్రుక ఒక్కటీ ఉండదు. 'వెర్మిలియన్' అని రాసిన ఆక్రిలిక్ ట్యూబులో పాదరసం లేదు. 'ఇండియన్ యెల్లో' అని రాసినదానిలో ఇండియా సరుకేమీ లేదు. ఇదంతా మోసమా? కాదు. పేర్లు వందల ఏళ్ళ నాటివి, సరుకు మాత్రం మారిపోయింది. మారిన ప్రతి చోటా ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో, ముఖ్యంగా ఇండియన్ యెల్లో చరిత్రలో, హేతువాదులు తెలుసుకోదగిన సంగతి ఒకటుంది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

నేను పనిచేసిన రక్షణ లెక్కల శాఖలో స్టోరు తనిఖీకి ఒక పద్ధతి ఉంది. లెడ్జరులో ఏం రాశారో చూసి సంతకం పెట్టెయ్యరు. గోదాములో సరుకు లెక్కపెట్టి లెడ్జరుతో పోల్చుతారు. లెడ్జరులో పేరు ఘనంగా ఉన్నంత మాత్రాన సరుకు ఉన్నట్టు కాదు. లెడ్జరులో రాయలేదు కాబట్టి గోదాములో లేనట్టూ కాదు. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఆక్రిలిక్ ఎక్కడిది?

ఏ రంగుకైనా రెండు భాగాలుంటాయి. ఒకటి రంగునిచ్చే పొడి, అంటే పిగ్మెంటు. రెండోది ఆ పొడిని గుడ్డకో గోడకో పట్టి ఉంచే జిగురు. తైలవర్ణానికి ఆ జిగురు అవిసె నూనె. నీటిరంగుకి తుమ్మజిగురు లాంటిది. ఆక్రిలిక్‌కి ఒక ప్లాస్టిక్. పొడులు చాలావరకు అవే, మారింది జిగురు.

ఈ ప్లాస్టిక్ కథ జర్మనీలో మొదలయింది. ఓటో రోమ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1901లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం ఆక్రిలిక్ ఆమ్లం నుంచి వచ్చే పాలిమర్ల మీద పరిశోధన చేశాడు. 1907లో ఓటో హాస్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. 1933లో అదే కుటుంబానికి చెందిన ప్లెక్సిగ్లాస్ బజారులోకి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల కిటికీలకి వాడిన పారదర్శకమైన రేకు అదే.

చిత్రకారులు దీని వైపు ఎందుకు చూశారు? ఒక కారణం మెక్సికోలో దొరుకుతుంది. అక్కడి కుడ్యచిత్రకారులకి ఎండకీ వానకీ తట్టుకుని, బయటి గోడల మీద నిలిచే రంగు కావాలి. సికీరోస్ 1930లలోనే కార్లకి వేసే లక్కరు రంగులతో ప్రయోగాలు చేశాడు. 1936లో న్యూయార్కులో ఆయన పెట్టిన ప్రయోగశాలకి జాక్సన్ పోలక్ కూడా వెళ్ళాడు. మెక్సికోలోనే హోసే గుటియెరెస్ 1950లలో 'పాలిటెక్' అనే ఆక్రిలిక్ రంగులు తయారుచేశాడు. అమెరికాలో లెనార్డ్ బోకూర్, శామ్ గోల్డెన్ 1940లలో 'మాగ్నా' అనే రంగు తెచ్చారు. అది టర్పెంటైన్‌తో పలచన చేసుకునే ఆక్రిలిక్. నీళ్ళతో కలిసేది కాదు.

నీళ్ళతో కలిసే ఆక్రిలిక్ రావడానికి కారణం కళాకారులు కాదు, ఇంటిగోడలు. రోమ్ అండ్ హాస్ కంపెనీ 1953లో ఇళ్ళ పెయింట్ల కోసం ఒక ఆక్రిలిక్ ఎమల్షన్ తెచ్చింది. సిన్సినాటిలో హెన్రీ లెవిసన్ అనే రంగుల తయారీదారు అలాంటి ఎమల్షన్‌తో చిత్రకారుల కోసం సరుకు చేసి 1955లో 'లిక్విటెక్స్' అని పేరు పెట్టాడు. లిక్విడ్, టెక్స్చర్ అనే రెండు మాటల కలయిక అది. 1960లలో ఈ రంగులు ఐరోపాలోనూ బజారులోకి వచ్చాయి. డేవిడ్ హాక్నీ 1967లో వేసిన 'ఎ బిగ్గర్ స్ప్లాష్' కాన్వాసు మీద ఆక్రిలిక్. మన ఎస్.హెచ్. రజా 1983లో వేసిన 'సౌరాష్ట్ర' కూడా అంతే. 2010లో అది వేలంలో 16 కోట్ల రూపాయలు దాటి పలికింది. ఆక్రిలిక్ అంటే పిల్లల రంగులనీ, అసలు చిత్రకారుడైతే నూనెరంగులే వాడాలనీ ఇప్పటికీ అనేవారు ఉన్నారు. వాళ్ళకి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇది ఎండే పద్ధతి కూడా తెలుసుకోవాలి. ఎమల్షన్‌లో కంటికి కనపడనంత చిన్న ప్లాస్టిక్ రేణువులు నీళ్ళలో తేలుతుంటాయి. అందుకే అది పాలలా తెల్లగా ఉంటుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ రేణువులు దగ్గరికి జరిగి, ఒకదానితో ఒకటి అతుక్కుని, పారదర్శకమైన పొర అవుతుంది. తెల్లదనం పోతుంది కాబట్టి రంగు ఎండాక కొంచెం ముదురుగా కనిపిస్తుంది. ఒకసారి పొర కట్టాక నీళ్ళు పోసినా కరగదు. కుంచెని నీళ్ళలోనే ఉంచమని, పని కాగానే కడగమని చెప్పడం ఇందుకే. నూనెరంగు అలా కాదు. దానిలో ఆవిరయ్యే నీరు లేదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి గట్టిపడుతుంది. రోజులు పడుతుంది, మందంగా వేస్తే నెలలు.

ఆక్రిలిక్ శాశ్వతం అని వ్యాపారులు చెప్పే మాటని కూడా కొంచెం ఆపి చూడాలి. దీని వయసు మొత్తం కలిపి డెబ్భై ఏళ్ళు చిల్లర. అయిదు వందల ఏళ్ళ నూనె చిత్రాలు మన కళ్ళ ముందున్నాయి, అయిదు వందల ఏళ్ళ ఆక్రిలిక్ చిత్రం ఇంకా లేదు. ప్రయోగశాలలో తేలినదేమంటే, ఈ పొర పచ్చబడటం, పెళుసెక్కడం నూనె కంటే తక్కువ. అయితే వేడికి మెత్తబడుతుంది, దుమ్ముని పట్టుకుంటుంది, బాగా చలిలో బిరుసెక్కుతుంది. మన వేసవిలో రెండు ఆక్రిలిక్ చిత్రాలని ముఖాముఖి ఆనించి పెడితే అతుక్కుపోయే ప్రమాదం ఉంది.

కాన్వాసు, గెస్సో, కుంచె

కాన్వాసు అనే మాట గంజాయి మొక్క లాటిన్ పేరు 'కానబిస్' నుంచి వచ్చింది. జనపనారలాంటి దాని నారతో నేసిన ముతక గుడ్డ ఓడ తెరచాపలకి వాడేవారు. చెక్కపలకల మీద బొమ్మలు వేసుకుంటున్న ఐరోపాలో, ఓడల ఊరు వెనిస్ ఆ గుడ్డని చిత్రకారులకి బాగా అలవాటు చేసింది. ఇప్పుడు మనం కొనే కాన్వాసు సాధారణంగా నూలుది, ఖరీదైనదైతే అవిసెనారది. పేరులో గంజాయి మిగిలింది, గుడ్డలో లేదు.

ఉత్త గుడ్డ మీద నూనెరంగు వేస్తే నూనె గుడ్డలోకి ఇంకి నారని తినేస్తుంది. అందుకని ముందు ఒక పూత కావాలి. ఇటలీలో సుద్దపొడిని గానీ, జిప్సాన్ని గానీ తోలు ఉడికించి తీసిన జిగురులో కలిపి పూసేవారు. గెస్సో అంటే ఇటాలియన్‌లో జిప్సం, సుద్ద అని అర్థం. లెవిసన్ 1955లో డబ్బాలో పెట్టి అమ్మింది ఆక్రిలిక్ ఎమల్షన్, దానిలో సుద్దలాంటి పొడులు, తెల్లదనానికి టైటానియం డయాక్సైడ్. పాత గెస్సో వంచితే పగులుతుంది, ఇది వంగుతుంది. పని అదే కాబట్టి పేరు అదే ఉంచేశారు.

ఇదే పని మన ఊళ్ళలో వేరే పేరుతో జరిగింది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు కులపురాణాల పటాలు వేసేటప్పుడు ఖాదీ గుడ్డకి ముందు తెల్లసుద్ద, చింతగింజల జిగురు, బంక కలిపి పూతలు వేసి ఆరబెడతారు. గెస్సో అన్న మాట వాళ్ళకి అక్కర్లేదు. చేసింది మాత్రం గెస్సోయే. ఇటలీవాడు తోలు జిగురు వాడాడు, మనవాడు చింతగింజ వాడాడు. ఎవరికి ఏది చవగ్గా దొరికితే అది. ఒకరి నుంచి ఒకరు దొంగిలించారనీ, ఎవరో ఋషి చెప్పారనీ అనుకోనక్కర్లేదు. ఒకే ఇబ్బందికి రెండు చోట్ల ఒకేలాంటి పరిష్కారం దొరకడం మామూలే.

కుంచెల సంగతికొస్తే, మన దేశంలో ఇది చట్టం దాకా వెళ్ళిన వ్యవహారం. కేమెల్ హెయిర్ అన్నది ఉత్త వ్యాపార నామం, అందులో ఉడుత వెంట్రుకలో మరేవో ఉంటాయి. కానీ ముంగిస వెంట్రుకల కుంచెలు మాత్రం నిజంగా ముంగిసవే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ముంగిసకి రక్షణ ఉంది, దాని వెంట్రుకల వ్యాపారం నేరం. 2019లో వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో దేశమంతటా ఈ కుంచెల మీద దాడులు చేసింది. అంటే అంతకు ముందు దశాబ్దాల పాటు చట్టం పుస్తకంలో ఉంది, కుంచె దుకాణంలో ఉంది.

ఆక్రిలిక్ వేసేవారికి ఈ జంతువుల వెంట్రుకలు అసలు అవసరం లేదు. ఆక్రిలిక్‌కి కొంచెం క్షారగుణం ఉంది, కుంచెని ఎక్కువసేపు తడిలో ఉంచాలి. దానికి సహజమైన వెంట్రుక త్వరగా పాడవుతుంది. నైలాన్ వంటి కృత్రిమ కుంచె తట్టుకుంటుంది. ఇక్కడ చవకైనదే మంచిది, చట్టానికి లోబడింది, ముంగిసకీ క్షేమం.

రంగుల పేర్లు

కాళిదాసు కాలం నుంచీ మనవాళ్ళు ఏవో మూలికల రసాలతో చెరగని రంగులు చేశారనీ, ఆ రహస్యం పోయిందనీ చెప్పేవారు ఉంటారు. అజంతానే ఉదాహరణగా చూపిస్తారు. అజంతా రంగుల్ని రసాయన పరీక్ష చేశారు. తేలినవి ఎర్రమట్టి, పచ్చమట్టి, ఆకుపచ్చ మట్టి, సున్నం, మసి. 5వ శతాబ్దపు చిత్రాల్లోని నీలం లాపిస్ లాజులీ రాయి పొడి. ఆ రాయి వచ్చింది ఆఫ్ఘనిస్తాన్ బదక్షాన్ కొండల నుంచి. అంటే అజంతా గొప్పతనంలో రహస్య మూలిక లేదు, నైపుణ్యం ఉంది, దూరదేశాలతో వర్తకం ఉంది. నిజానికి ఇది మూలిక కథకన్నా గొప్ప సంగతి.

ఆ లాపిస్ నీలాన్నే ఐరోపావాళ్ళు 'అల్ట్రామెరీన్', అంటే సముద్రానికి ఆవలిది, అన్నారు. బంగారంతో పోటీపడే ధర. 1824లో ఫ్రెంచి పారిశ్రామిక ప్రోత్సాహక సంఘం దీన్ని కృత్రిమంగా చేసినవారికి 6,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. 1828లో జాన్ బాప్టిస్ట్ గిమే దాన్ని గెలుచుకున్నాడు. బంకమట్టి, సోడా, గంధకం, బొగ్గు కలిపి కాల్చితే నీలం వచ్చింది. రాజుల చిత్రపటాలకి, మేరీమాత వస్త్రాలకి దాచుకుని వాడిన రంగు కొద్ది దశాబ్దాలలో మన ఇళ్ళలో తెల్లబట్టలకి పెట్టే నీలం పొడి అయింది. ఈ రోజు ఆక్రిలిక్ అల్ట్రామెరీన్ ట్యూబులో ఉన్నది ఈ కృత్రిమ నీలమే. సముద్రం దాటనక్కర్లేదు, పేరు మాత్రం దాటింది.

వెర్మిలియన్ అంటే మన ఇంగిలీకం. పాదరసం, గంధకం కలిసిన పదార్థం. పాత చిత్రకారుల పచ్చరంగు తాళకం, అది ఆర్సెనిక్ ఖనిజం. పాత తెలుపు సీసంతో చేసింది. ఆంజనేయుడి విగ్రహాలకి పూస్తూ వచ్చిన సిందూరమూ సంప్రదాయంగా సీసానిదే. "సహజమైనవి మంచివి, రసాయనాలు చెడ్డవి" అనే మాట ఈ మధ్య హోలీ రంగుల దగ్గరి నుంచి వంటనూనె దాకా వినిపిస్తోంది. ఇంగిలీకం, తాళకం రెండూ భూమిలోంచి తవ్వి తీసిన శుద్ధ సహజ పదార్థాలే. సీసపు తెలుపుని నెట్టేసిన టైటానియం తెలుపు ఫ్యాక్టరీ సరుకు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నార్వే, అమెరికాలలో దాని తయారీ మొదలయింది. దాని ముడిసరుకు ఇల్మనైట్ కేరళ తీరంలోనూ, మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉంది. ఏది విషమో ఏది కాదో నిర్ణయించేది పదార్థం, మోతాదు, వాడే తీరు. పుట్టిన చోటు కాదు.

అలిజరిన్ క్రిమ్సన్ మన కోస్తాకి సంబంధించినది. మచిలీపట్నం వైపు కలంకారీ, అద్దకం గుడ్డల ఎరుపు చిరువేరు నుంచి వచ్చేది. ఆ వేరులోనూ, ఐరోపాలో వాడిన మ్యాడర్ వేరులోనూ ఉన్న రంగు పదార్థం అలిజరిన్. 1868లో జర్మనీలో కార్ల్ గ్రేబే, కార్ల్ లీబర్మన్ దాన్ని తారు నుంచి తీసిన పదార్థంతో కృత్రిమంగా చేశారు. తరవాతి ఏళ్ళలో వేర్ల సాగు దెబ్బతింది. తమాషా ఏమంటే, ఈ అలిజరిన్ పిగ్మెంటు వెలుతురుకి వెలిసిపోతుంది. ఆక్రిలిక్ ఎమల్షన్‌తో సరిగా పొసగదు కూడా. కాబట్టి ఆక్రిలిక్ ట్యూబు మీద 'అలిజరిన్ క్రిమ్సన్ హ్యూ' అని ఉంటుంది. 'హ్యూ' అంటే ఛాయ. ఆ ఛాయ వచ్చేలా వేరే పిగ్మెంట్లు కలిపాం అని నిజాయితీగా ఒప్పుకోవడం అది.

ఈ గ్రేబే పేరు గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తాడు.

ఇండియన్ యెల్లో

మొగలు, పహాడీ సూక్ష్మచిత్రాల్లో ఒక వెచ్చని పసుపు రంగు కనిపిస్తుంది. 18వ, 19వ శతాబ్దాలలో అది ఇంగ్లండుకి ఎగుమతయింది. టర్నర్ వంటివారు వాడారు. సరుకు మురికి ఉండల రూపంలో, ఘాటైన వాసనతో లండను చేరేది. ఇక్కడ దాని పేరు పియూరీ. అది దేనితో చేస్తారన్నది కొన్నవారికి తెలియదు. 1786లోనే రోజర్ డ్యూహర్స్ట్ అనే ఆంగ్లేయుడు పశువుల మూత్రం అని అనుమానించాడు. తరవాత కొందరు ఒంటె మూత్రం అన్నారు. 1844లో జాన్ స్టెన్‌హౌస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించి, ఏదో చెట్టు రసం అయి ఉంటుందన్నాడు.

1883లో లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ పత్రికలో ఒక లేఖ అచ్చయింది. రాసినవాడు త్రైలోక్యనాథ్ ముఖర్జీ, కలకత్తాలో ప్రభుత్వోద్యోగి. క్యూ ఉద్యానవనం అధిపతి జోసెఫ్ హుకర్ అడిగిన మీదట విచారించి రాశాడు. బీహారులో ముంగేరు దగ్గర మీర్జాపూర్ అనే ఊళ్ళో కొందరు గోవాళ్ళు ఆవులకి మామిడాకులు, నీళ్ళు మాత్రమే పెట్టి, వాటి మూత్రం పట్టి, కాచి, వడకట్టి, ఉండలు చేసి అమ్ముతారని దాని సారాంశం. ఉత్తరప్రదేశ్ మీర్జాపూర్ వేరు, ఇది వేరు. ఆ ఆవులు నీరసంగా ఉన్నాయనీ, ఈ పని చేసేవారిని తోటి గోవాళ్ళు నీచంగా చూస్తారనీ కూడా రాశాడు. లేఖతో పాటు సరుకు నమూనాలు పంపాడు.

20వ శతాబ్దం మొదటి దశాబ్దాలలో ఈ రంగు బజారులో కనపడకుండా పోయింది. ఆవుల మీద క్రూరత్వం అని బ్రిటిష్ ప్రభుత్వం 1908 ప్రాంతంలో నిషేధించిందని పుస్తకాలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాశాయి.

విక్టోరియా ఫిన్లే అనే ఆంగ్ల రచయిత్రి, 2002లో వెలువడిన తన రంగుల చరిత్ర పుస్తకం కోసం ఆ మీర్జాపూర్ వెళ్ళింది. ఊళ్ళో ఎవరికీ ఈ సంగతి తెలియదు. నిషేధ చట్టం కోసం వెతికితే ఎక్కడా దొరకలేదు. చూసి రాసినవాడు ఒక్కడే, మిగిలినవాళ్ళంతా ఆయన్ని చూసి రాసినవాళ్ళే. కాబట్టి ఇది కట్టుకథ కావచ్చునని ఆమె అనుమానించింది. దానికి తోడు ఈ త్రైలోక్యనాథుడు బెంగాలీ సాహిత్యంలో పేరున్న హాస్య, వ్యంగ్య రచయిత. దయ్యాల కథలు అల్లి జనం మూఢనమ్మకాలని ఎగతాళి చేసినవాడు. తెల్లదొరలకి ఓ ఆవు కథ చెప్పి నవ్వుకున్నాడేమో అని ఎవరికైనా అనిపించవచ్చు.

ఫిన్లే వాదం మనకి నచ్చే వాదం. ఒకే సాక్షి, రుజువు కాగితాలు లేవు, వినడానికి వింతగా ఉంది, పైగా ఆవు మూత్రం. ఆవు మూత్రం పేరు వినగానే మనలో చాలామందికి చెయ్యి ఎర్రజెండా మీదికి పోతుంది. కారణం లేకపోలేదు. దాని పేరుతో ఈ దేశంలో అమ్ముతున్న అబద్ధాలు తక్కువేమీ కాదు. 2002 తరవాత చాలామంది "ఇండియన్ యెల్లో ఆవు కథ ఒట్టి పుక్కిటి పురాణం" అని తేల్చి చెప్పసాగారు.

కాని సరుకు గోదాములో ఉంది. త్రైలోక్యనాథుడు పంపిన ఉండలు క్యూలో భద్రంగా ఉన్నాయి. 19వ శతాబ్దంలోనే ఈ రంగు పదార్థాన్ని విడదీశారు. అది యూక్సాంథిక్ ఆమ్లపు మెగ్నీషియం, కాల్షియం లవణం. దీని నిర్మాణం మీద పనిచేసినవారిలో మన గ్రేబే ఒకడు. యూక్సాంథిక్ ఆమ్లం అంటే యూక్సాంథోన్ అనే పసుపు పదార్థానికి గ్లూకురోనిక్ ఆమ్లం జతకలిసినది. ఈ జతకలపడం అన్నది ముఖ్యం. జంతువు శరీరం తనకి అక్కర్లేని పదార్థాన్ని బయటికి పంపడానికి చేసే పని ఇది. మనం పారాసిటమాల్ మాత్ర మింగితే మన కాలేయం చేసేదీ ఇదే. గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీళ్ళలో కరిగేలా చేసి, మూత్రంలోకి వదులుతుంది. మామిడాకులో యూక్సాంథోన్‌కి చుట్టమైన మాంజిఫెరిన్ దండిగా ఉంది.

2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో క్యూ నమూనాలని ఆధునిక పరికరాలతో పరీక్షించారు. యూక్సాంథిక్ ఆమ్లంతో పాటు హిప్యూరిక్ ఆమ్లం కూడా దొరికింది. అది మేత మేసే పశువుల మూత్రంలో ఉండేది. పరిశోధకులు త్రైలోక్యనాథుడి కథనం ఈ ఫలితాలతో సరిపోతోందని తేల్చారు.

ఏ పద్దుకి ఆ పద్దు

ఇప్పుడు ఈ కథని మొత్తంగా 'నిజం' అనో 'అబద్ధం' అనో కొట్టెయ్యకుండా, పద్దుల వారీగా చూద్దాం.

రంగు పశువు మూత్రం నుంచి వచ్చిందా? నమూనాలు అవునంటున్నాయి. మామిడాకుల మేత? రసాయన శాస్త్రం దానికి అనుకూలంగా ఉంది, చూసినవాడు ఒకడున్నాడు. బ్రిటిష్‌వారు చట్టం చేసి ఆపారా? అలాంటి చట్టం చూపించినవారు లేరు, ఈ పద్దు కొట్టివేత. మరి ఎందుకు ఆగిపోయింది? చవకైన కృత్రిమ పసుపులు ఆ కాలంలోనే బజారులోకి వచ్చాయి, వాసనవేసే ఉండలకి గిరాకీ తగ్గడంలో వింత లేదు. ఇది సబబైన ఊహ, రుజువైన పద్దు కాదు. గోమూత్రంలో ఔషధ గుణాలున్నాయా? ఈ పరిశోధనకీ ఆ ప్రశ్నకీ ఏ సంబంధమూ లేదు. మామిడాకు తిన్న ఆవు మూత్రం పసుపు రంగు ఇచ్చిందంటే ఒక కాలేయం తన పని తాను చేసిందని అర్థం. పవిత్రత దాంట్లో ఎక్కడా రాదు. ఎవరైనా దీన్ని చూపించి సీసాలు అమ్మబోతే ఆ మాటే చెప్పాలి.

ఫిన్లే చేసింది తప్పు పని కాదు. ఊరికి వెళ్ళింది, చట్టం వెతికింది, లేదని చెప్పింది. చట్టం లేదన్న ఆమె మాట ఇప్పటికీ నిలిచే ఉంది. తప్పు చేసింది ఆమె అనుమానాన్ని తీర్పుగా మార్చి ప్రచారం చేసినవాళ్ళు. నూట ఇరవై ఏళ్ళ తరవాత ఒక ఊరివాళ్ళకి గుర్తులేదంటే జరగలేదని కాదు. అందులోనూ తోటివారు నీచంగా చూసిన పని. అలాంటి పనిని మా తాత చేశాడని మనవడు గొప్పగా చెప్పుకుంటాడా? మన దేశంలో కులం సంగతి తెలిసినవాళ్ళు ఈ ప్రశ్న ముందే వేసుకోవాలి. ఆ ఊరి మౌనానికి అర్థం ఇదేనని నేననను. మౌనం ఒక్కటే రుజువు కాదు అంటున్నాను.

హేతువాదం అంటే నచ్చని కథల్ని కాదనడం కాదు. నచ్చని కథకీ నచ్చిన కథకీ ఒకే తూకపురాయి వాడటం. అజంతా మూలికల కథ పరీక్షలో పోయింది. పియూరీ ఆవు కథ పరీక్షలో నిలిచింది. మొదటిదానికి చప్పట్లు కొట్టి రెండోదానికి మొహం తిప్పుకుంటే మనకీ, జ్యోతిష్కుడికీ తేడా ఏముంది? ఆయనా ఫలించిన జోస్యాలే లెక్కపెట్టుకుంటాడు.

కొనేవారికి

ఆక్రిలిక్ ట్యూబు కొనేటప్పుడు ముందువైపు పేరు చూసి మురిసిపోకండి. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మంచి కంపెనీలు పిగ్మెంటు సంకేతం వేస్తాయి. 1920లలో మొదటిసారి అచ్చయిన 'కలర్ ఇండెక్స్' అనే అంతర్జాతీయ పట్టికలోని గుర్తులు అవి. పి.డబ్ల్యు.6 అంటే టైటానియం తెలుపు. పి.బి.29 అంటే అల్ట్రామెరీన్. పి.ఆర్.108 ఉంటే నిజమైన కాడ్మియం ఎరుపు, ఎండాక గరుకు కాగితంతో రుద్ది ఆ దుమ్ము పీల్చకూడదు. పక్కన 'హ్యూ' అని ఉంటే అందులో కాడ్మియం ఉండదు. అసలు ఇండియన్ యెల్లోకీ ఒక సంకేతం ఉంది, ఎన్.వై.20. సహజ పసుపు, 20వ నంబరు. ఈ రోజు ఇండియన్ యెల్లో పేరుతో వచ్చే ట్యూబుల మీద ఆ నంబరు ఉండదు. ఒక్కో కంపెనీ ఒక్కో కృత్రిమ పిగ్మెంటు వాడుతుంది. ఏ సంకేతమూ వెయ్యని ట్యూబు అయితే, లోపల ఏముందో వాడు చెప్పలేదని అర్థం. పిల్లల ఆటకైతే సరే, పదేళ్ళు గోడకి ఉండాల్సిన బొమ్మకి వద్దు.

మొదలుపెట్టేవారికి టైటానియం తెలుపు, ఒక పసుపు, ఒక ఎరుపు, అల్ట్రామెరీన్, ఒక మట్టిరంగు, ఒక నలుపు చాలు. నైలాన్ కుంచెలు మూడు. గెస్సో పూసి అమ్మే నూలు కాన్వాసు. మిగిలినవి తరవాత చూసుకోవచ్చు.

త్రైలోక్యనాథుడు ఉత్తరం ఒక్కటే రాసి ఊరుకుని ఉంటే ఈ రోజు ఆయన్ని కథలల్లినవాడి కిందే లెక్కవేసేవాళ్ళం. సరుకు కూడా పంపాడు. దాన్ని ఎవరో చీటీ అంటించి అల్మారాలో పెట్టారు. నూట ముప్ఫై అయిదేళ్ళ తరవాత ఎవరో తీసి పరీక్షించారు. వాదన అక్కడ తెగింది.